నా దగ్గరికి రావడం మానేసిన మనిషి

కొత్తగా ఈసీజీ గదుల్లో చేరిన పిల్లలు నన్ను కలిసినప్పుడు మెషీన్ల గురించి అడుగుతారు. ఏ మెషీన్ మంచిది, కాగితం మీద గీత వణికితే ఏం చేయాలి, సన్నటి మనిషి ఛాతీ మీద రబ్బరు బల్బులు నిలవకపోతే ఏం చేయాలి, ఇలాంటివి. తెలిసినంత చెబుతాను. గుండె బాగానే ఉన్నవాళ్ళు మన దగ్గరికి మళ్ళీ మళ్ళీ ఎందుకు వస్తారన్నది మాత్రం ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. ఎవరూ అడగలేదు కాబట్టే రాస్తున్నాను.

నేను విజయవాడ సూర్యారావుపేటలో ఒక గుండె ఆస్పత్రిలో పనిచేసి రిటైరయ్యాను. ఈసీజీ గదీ, దాని పక్కనున్న టీఎంటీ గదీ నావి. టీఎంటీ అంటే కదిలే పట్టా మీద మనిషిని నడిపిస్తూ గుండె ఆ శ్రమను ఎలా తట్టుకుంటుందో చూసే పరీక్ష. మెషీన్ తేదీ, టైము దానంతటదే అచ్చువేస్తుంది. అయినా కింద నా చేత్తో మళ్ళీ వేసేదాన్ని, ఎందుకంటే మెషీన్ గడియారం వెనకబడేది, ఎన్నిసార్లు చెప్పినా కంపెనీవాళ్ళు సరిచేయలేదు. తేదీ తప్పున్న కాగితానికి విలువ లేదు. కుర్ర డాక్టర్లు దీనికి నవ్వుకునేవారు. పాత పేషెంటు పోయినసారి ఎప్పుడొచ్చాడో ఫైలు వెతకడానికి బద్ధకించి నన్నే అడిగేవారు కూడా వాళ్ళే.

రిపోర్టు చెప్పడం డాక్టరు పని, టెక్నీషియన్ పని కాదు. అది నాకు తెలుసు. కానీ పేషెంట్లు డాక్టరుగారి గదిలోంచి బయటికొచ్చి, తిన్నగా ఇంటికి పోకుండా నా తలుపు దగ్గర ఆగేవారు. "డాక్టరుగారు బానే ఉందన్నారండీ. మీరు కూడా ఒకసారి చూసి చెబుతారా?" అనేవారు. నేను కళ్ళజోడు సర్దుకుని కాగితం మొదటినుంచి చివరిదాకా చూసి "నార్మల్" అనేదాన్ని. అప్పుడు వాళ్ళ భుజాలు దిగేవి. ఆ భుజాలు దిగడం చూడటం కోసమే నేను సెలవులు పెట్టకుండా పనిచేశానని ఇప్పుడు అనిపిస్తుంది. మా ఆస్పత్రిలో పెద్ద డాక్టరుగారి తర్వాత జనం నమ్మే మనిషిని నేనే. ఇది గొప్పకు చెప్పడం కాదు. అందరికీ తెలిసిన సంగతే.

అట్లా నన్ను నమ్మినవాళ్ళలో ఒక నాట్యం టీచరు ఉంది. నలభై దాటిన మనిషి, కూచిపూడిలోనే పుట్టి పెరిగింది, అక్కడే పిల్లలకు నేర్పుతుంది. కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, ఆషాఢంలో ఒక సోమవారం మొదటిసారి వచ్చింది. తనతో కలిసి చిన్నప్పటినుంచీ నాట్యం నేర్చుకున్న ఒకాయన, వాళ్ళ గురువుగారి అబ్బాయి, పొద్దున నడకకు వెళ్ళి రోడ్డు మీదే గుండె ఆగి పోయాడట. అది జరిగిన కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం పిల్లలకు అడుగులు చూపిస్తుంటే ఉన్నట్టుండి ఈమె గుండె దడదడలాడింది. ఊపిరి అందలేదు, వేళ్ళు తిమ్మిరెక్కాయి, చచ్చిపోతున్నానని అనిపించింది. పిల్లల తల్లిదండ్రులు కారు మాట్లాడి మా దగ్గరికి తెచ్చారు.

మేం చేయాల్సినవన్నీ చేశాం. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, రక్తపరీక్షలు. టీఎంటీ మాత్రం ఆమె ఒప్పుకోలేదు, గుండె వేగంగా కొట్టుకుంటే తట్టుకోలేనని. మిగతావాటిలో ఏ లోపమూ లేదు. ఇలాంటి దడ మొదటిసారి వస్తే ఎవరైనా తప్పకుండా చూపించుకోవాలి, అందులో వెనకాడకూడదు. పెద్ద డాక్టరుగారు గుండెకు ఏం కాలేదన్నారు. నేనూ నార్మల్ అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కళ్ళకద్దుకుంది.

మళ్ళీ వచ్చింది. మళ్ళీ తీశాను. మళ్ళీ నార్మల్. కొన్నాళ్ళకు ఆమె డాక్టరుగారి దగ్గరికి కూడా పోకుండా బస్సు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చేది. "అక్కా" అని పిలిచేది. తోటలో పూసిన కనకాంబరాలు తెచ్చేది. నాకు తోబుట్టువులు లేరు. ఆ పిలుపు నాకు బాగుండేది.

ఈసీజీ కాగితం మీద అచ్చు కొన్నాళ్ళకు వెలిసిపోతుంది. అది వేడికి అచ్చు పడే కాగితం, సిరాతో కాదు. వేడి తగిలితే కాగితమంతా నల్లబడుతుందని ఆమెకు తెలియదు. నేను "నార్మల్" అని తేదీ వేసి ఇచ్చిన కాగితం చెరిగిపోకుండా దాచుకోవాలని పామర్రులో జిరాక్స్ షాపుకు తీసుకెళ్ళి లామినేషన్ చేయించింది. షాపువాడు వేడి మెషీన్లోకి కాగితం పెట్టాడు. అవతలివైపు నుంచి నల్లగా బొగ్గులా వచ్చింది. గీత లేదు, తేదీ లేదు, ఏమీ లేదు. ఆమెకు అక్కడే, ఆ షాపు మెట్ల మీదే, దడ మొదలైంది. ఆ నల్లటి అట్ట పట్టుకుని బస్సెక్కి నా దగ్గరికొచ్చింది.

"నా గుండె చూడండక్కా, ఎట్టా అయిపోయిందో" అంది.

నవ్వు వచ్చింది, ఆపుకున్నాను. కాగితం సంగతి వివరించి, ఇంకో ఈసీజీ తీసి, దానికి ముందు జిరాక్స్ తీయించి, ఆ జిరాక్స్‌ను లామినేషన్ చేయించి ఇచ్చాను. నా మటుకు నేను చాలా జాగ్రత్తగా చేసిన పని అది. ఇప్పటికీ అందులో నాకు లోపం కనబడదు. అడిగినవాళ్ళకు ఈసీజీ తీయడమే నా ఉద్యోగం.

ఆ ఏడే మా ఆస్పత్రికి ఒక సైకాలజిస్టును పెట్టారు. పాతికేళ్ళు దాటి ఎన్నాళ్ళో కాని అమ్మాయి, వన్‌టౌన్‌లో వాళ్ళ నాన్నగారిది రెడీమేడ్ బట్టల దుకాణం. పెద్ద డాక్టరుగారే పట్టుబట్టి తెచ్చారు. గుండె జబ్బని వచ్చేవాళ్ళలో చాలామందికి గుండె బాగానే ఉంటోందనీ, వాళ్ళను ఊరికే ఇంటికి పంపడం వైద్యం కాదనీ ఆయన వాదన. నా గదికి ఎదురుగా పాత సామాన్లు పడేసే గదిని ఖాళీ చేయించి, సున్నం వేయించి, కర్టెన్లు కట్టించి ఆ అమ్మాయికి ఇచ్చారు. నా గది కిటికీకి కర్టెను కావాలని నేను ఎన్నేళ్ళుగా అడుగుతున్నానో ఎవరికైనా గుర్తుందో లేదో.

నాకు ఆ అమ్మాయంటే అసూయ. దీన్ని మర్యాదగా చెప్పే మాటలు వేరే ఉన్నాయి కానీ వాటిని వెతకను. ఆమె గదిలో మెషీను లేదు. రెండు కుర్చీలు, ఒక చిన్న బల్ల, ముక్కు తుడుచుకునే కాగితాల డబ్బా. నా దగ్గర మనిషి అయిదు నిమిషాలుంటాడు, ఆమె దగ్గర ముప్పావుగంట. లోపలికి వెళ్ళేటప్పుడు బిగుసుకున్న మొహం, వచ్చేటప్పుడు ముఖం కడుక్కున్నట్టు ఉండేది. కడుపులో మంట తగ్గని బ్యాంకు ఉద్యోగి వెళ్ళాడు. పరీక్షలంటే వాంతులయ్యే ఇంజినీరింగు పిల్ల వెళ్ళింది. మైలవరం రోడ్డు మీద బైకు ప్రమాదం జరిగాక మళ్ళీ బండెక్కలేకపోతున్న ఒక రైతు, లారీ హారను వింటే చెమటలు పట్టేవాడు, అతనూ వెళ్ళాడు. అందరూ ఒకప్పుడు నా తలుపు దగ్గర ఆగినవాళ్ళే. ఇప్పుడు అటు తిరుగుతున్నారు.

పైగా ఆ అమ్మాయి నన్ను "ఆంటీ" అంది. మా ఆస్పత్రిలో నన్ను చైర్మన్‌గారు కూడా "మేడంగారూ" అంటారు.

మా రెండు గదులకూ ఒకే ఆయమ్మ. గోడకు చెవులు పెట్టే మనిషి. రోజూ పొద్దున నాకు టీ ఇస్తూ ఎదురుగదిలో ఎంతమంది కూర్చున్నారో చెప్పేది. ఒకరోజు నా మొహం చూసి, "ఏందమ్మా అట్టా ఉన్నారు? మీక్కూడా ఏదన్నా ఆందోళన గీందోళన ఉంటే చెప్పండి, ఎదురుగదిలో ఫీజు లేకుండా మాట్లాడిస్తా" అంది. టీ చల్లారిందని వెనక్కి పంపాను.

మరుసటి ఏడు ఆషాఢం దాటాక పెద్ద డాక్టరుగారు నాట్యం టీచరును ఎదురుగదికి పంపారు. ఆమె ముందు నా దగ్గరికొచ్చి అడిగింది. "నాకేమన్నా పిచ్చంటారా అక్కా? గుండెకు కదా జబ్బు?" అంది. నేను వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. "డాక్టరుగారు చెప్పారుగా" అన్నాను. అట్లా అన్నప్పుడు ఆమె ఒకసారి వెళ్ళి ఊరుకుంటుందనుకున్నాను.

ఆ సాయంత్రం సైకాలజిస్టు నా గదికి వచ్చింది. చేతిలో లామినేషన్ చేసిన ఈసీజీల కట్ట. టీచరు హ్యాండ్‌బ్యాగులోవి.

"ఇవన్నీ మీరిచ్చినవేనా ఆంటీ?"

"తేదీలున్నాయిగా. చూసుకో."

ఆ అమ్మాయి కూర్చుంది. కూర్చోమని నేననలేదు. ఆమె చెప్పిన సంగతులు నాకు నచ్చలేదు కానీ, మరచిపోలేదు. టీచరు జబ్బు పేరు పానిక్ డిజార్డర్ అంది. ఆ దడ నిజమే, నటన కాదు, ఊహా కాదు. గుండె నిజంగానే వేగంగా కొట్టుకుంటుంది. అయితే ఆ వేగాన్ని చావుకు సూచనగా మనసు చదువుకుంటుంది. భయం వల్ల గుండె ఇంకా వేగం పుంజుకుంటుంది, దాంతో భయం ఇంకా పెరుగుతుంది. కాసేపటికి దానంతటదే దిగిపోతుంది. కానీ దిగేలోపల మనిషి ఆస్పత్రికి పరిగెత్తి వస్తే, తనను బతికించింది ఆస్పత్రేనని నమ్ముతుంది.

"ఇంటిముందు కుక్క ఉందనుకోండి" అంది. "దొంగొచ్చినా మొరుగుతుంది, పాలాయనొచ్చినా మొరుగుతుంది. మొరుగుడు నిజమే, దొంగే లేడు. మొరిగినప్పుడల్లా మనం కర్ర పట్టుకుని బయటికొస్తే కుక్క ఏం నేర్చుకుంటుంది? పాలాయన కూడా దొంగేనని."

"నిజంగా దొంగొస్తేనో?"

"అందుకేగా ముందు మీరూ, డాక్టరుగారూ చూసేది. ఒకసారి, సరిగ్గా చూడాలి. ఆ తర్వాత చూడకూడదు ఆంటీ. ఆమెకిక ఈసీజీ తీయొద్దు. నార్మల్ అని కూడా చెప్పొద్దు."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నాకు ఫలానా మాట అనొద్దని ఎవరూ చెప్పలేదు. డాక్టరుగారు రాసిస్తే అప్పుడు చూద్దామన్నాను. మర్నాడు ఆయన రాసిచ్చారు.

టీచరు ఎదురుగదికి ఒకసారి వెళ్ళి ఊరుకోలేదు. వారం వారం వెళ్ళింది. ఆ గదిలో జరిగేవి నాకు ఆయమ్మ ద్వారా కొంత, టీచరు ద్వారా కొంత తెలిసేవి. ముందు భయం ఎలా పెరుగుతుందో ఎలా దిగుతుందో చెప్పారట. తర్వాత కుర్చీలో కూర్చుని గట్టిగా ఊపిరి పీలుస్తూ కావాలనే తల తిరిగేలా చేసుకోమన్నారట. మెట్లెక్కించారట. వారానికోసారి వచ్చే మానసిక వైద్యుడు కొన్నాళ్ళు మాత్రలు కూడా రాశాడు.

ఈమె ఏం పోగొట్టుకుందో నాకు అప్పుడే తెలిసింది. నా దగ్గరికి అన్నిసార్లు వచ్చినా నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఏడాదిపైగా ఆమె నాట్యం చేయలేదు. చాప మీద కూర్చుని, కర్రతో తాళం వేస్తూ, నోటితో చెప్పి నేర్పుతోంది. అడుగు చూపించని టీచరు దగ్గర ఎదిగిన పిల్లలు ఎందుకుంటారు, ఒక్కొక్కరూ వేరే చోటికి మారుతున్నారు. మాఘంలో వాళ్ళ గురువుగారి పేరు మీద ఊళ్ళో కార్యక్రమం ఉంటుంది. అందులో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి చేసే అంశం ఎప్పుడూ ఈమెదే. పోయిన ఏడు కడుపునొప్పని తప్పించుకుంది. "ఈ ఏడూ ఎక్కకపోతే ఇంక నేను ఎక్కనక్కా. నాకు తెలుసు" అంది. ఆ మాటైనా నాతో అన్నది ఎదురుగది ముందు తన వంతు కోసం కూర్చున్నప్పుడే.

ఒకరోజు సైకాలజిస్టు పెద్ద డాక్టరుగారిని వెంటబెట్టుకుని వచ్చింది. టీచరు టీఎంటీకి ఒప్పుకుందట. ఎలాగూ ఆ పరీక్ష మిగిలే ఉంది. అయితే కొన్ని షరతులు. తెర ఆమెకు కనబడకుండా గోడవైపు తిప్పాలి. గుండె వేగం ఎంతో ఎవరూ చెప్పకూడదు. బాగుందనీ, పర్లేదనీ అనకూడదు. ఆపాలనిపిస్తే టీచరు ఎడమచెయ్యి పైకెత్తుతుంది, ఆ క్షణమే ఆపేయాలి. నోటితో ఏమన్నా సరే, చెయ్యెత్తితేనే ఆపమని టీచరే స్వయంగా అడిగిందట.

అది నా మెషీను. దాని మీద ఎవరు ఎప్పుడు దిగాలో చెప్పేది నేను. "కాగితంలో తేడా కనబడిందంటే నేనెవరి చెయ్యీ చూడను, ఆపేస్తా" అన్నాను.

"అది మీ పనేనండీ. అందుకే మీరే ఉండాలన్నాను" అంది ఆ అమ్మాయి. ఆంటీ మాని నాతో అండీ అనడం అదే మొదలు. నాకది అంత సంతోషమేం కలిగించలేదు.

కార్తీకంలో ఒక గురువారం, పదకొండు గంటలకు మొదలుపెట్టాం. టీచరు చీర కొంగు బిగించి పట్టా ఎక్కింది. ఛాతీ మీద స్టిక్కర్లు నేనే అంటించాను, ఆమె చర్మం మంచుగడ్డలా ఉంది. పెద్ద డాక్టరుగారు నా పక్కన, ఆ అమ్మాయి పట్టాకు ఎదురుగా. మొదటి దశ నెమ్మదిగా నడకే. రెండోదానిలో పట్టా కాస్త ఎత్తు లేస్తుంది, వేగం పెరుగుతుంది. అక్కడ ఆమె మొహం పాలిపోయింది. కమ్మీని రెండు చేతులా పట్టుకుంది.

"ఎంతుందక్కా?"

నేను తెర చూస్తున్నాను. గీత శుభ్రంగా ఉంది. నా జీవితంలో అంత శుభ్రమైన గీతలు ఎక్కువ చూడలేదు.

"వేళ్ళు తిమ్మిరెక్కుతున్నయ్. చెప్పండక్కా, ఎట్టా ఉంది?"

"ఇప్పుడు ఏమవుతుందని అనిపిస్తోందండీ?" అని ఆ అమ్మాయి అడిగింది.

"పడిపోతా. ఆగిపోద్ది."

"ఇంకొంచెం నడిచి చూద్దామా, చెయ్యెత్తుతారా? మీ ఇష్టమే."

ఆమె చెయ్యెత్తలేదు. మెడ తిప్పి నన్ను చూసింది, ఆ అమ్మాయిని కాదు. ఆ చూపు నాకు బాగా తెలుసు. నా తలుపు దగ్గర ఎన్నో ఏళ్ళు ఆగిన మనుషులందరి చూపూ అదే. నేను ఒక్క మాటంటే చాలు, ఆ భుజాలు దిగుతాయి, ఆమె మళ్ళీ నాదవుతుంది. మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా.

అప్పుడు ఆ సైకాలజిస్టు కూడా నన్ను చూసింది. ఆగడం ఈవిడ వల్ల కాదు, అనేస్తుంది అన్న నమ్మకం ఆ కళ్ళల్లో స్పష్టంగా ఉంది. ఆ నమ్మకాన్ని నిజం చేయడం నాకిష్టం లేకపోయింది. పేషెంటు మేలు కోరి నోరు మూసుకున్నానని చెబితే వినడానికి బాగుంటుంది కానీ, అది నిజం కాదు. ఆ పిల్ల ముందు ఓడిపోకూడదని పళ్ళు బిగబట్టాను. కళ్ళు తెరవైపు తిప్పేసుకున్నాను.

టీచరు కాసేపు ఏడుపుగొంతుతో ఏదేదో అంది. నేను గీత మీదనుంచి కళ్ళు తీయలేదు. పట్టా మూడో దశకు లేచింది. ఇక్కడే చాలామంది దిగిపోతామంటారు. అప్పుడు నా చెవికి ఒక తేడా తెలిసింది. రోజూ వినే చప్పుడే, పట్టా మీద పాదాల చప్పుడు, ఉన్నట్టుండి సమంగా పడుతోంది. తలెత్తి చూస్తే ఆమె ఒక చెయ్యి కమ్మీ మీదనుంచి తీసేసింది. పెదవులు కదులుతున్నాయి. నోట్లోనే తకధిమి అంటూ ఏవో జతులు చెప్పుకుంటోంది. పాదాలు ఆ లెక్కకు పడుతున్నాయి.

"మూడోకాలం వేగంలో గుండె ఇట్టాగే కొట్టుకునేది" అంది. నాతో కాదు, ఆ అమ్మాయితోనూ కాదు, ఎదురుగా ఉన్న గోడతో అన్నట్టు. "చిన్నప్పట్నుంచీ ఇట్టాగేగా. అప్పుడెప్పుడూ భయమెయ్యలా."

రెండో చెయ్యి కూడా తీసేసింది. ఆమె వయసుకు వేయాల్సిన లెక్క ప్రకారం చేరాల్సిన వేగం గుండె చేరింది, దాటింది. పెద్ద డాక్టరుగారు తలూపితే ఆపాను. కుర్చీలో కూర్చోబెట్టాం. చెమట కారిపోతూ, రొప్పుతూ, నవ్వుతోంది. నవ్వుతూనే చేతులు చాచింది. ఆ అమ్మాయి వైపుకు. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తలపెట్టుకుని ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. నేను స్టిక్కర్లు పీకాల్సి ఉంది, వాళ్ళు విడిపడేదాకా పక్కన నిలబడ్డాను. కాగితం బయటికొచ్చింది. అలవాటు ప్రకారం తేదీ, టైము వేశాను. ఆమె దాన్ని అడగలేదు. ఫైల్లో పెట్టేశాను.

అక్కడితో అంతా బాగైపోయిందనుకోకండి. ఈ జబ్బులు అట్లా పోవు. మంచి వారాలుంటాయి, పాడు వారాలుంటాయి. పుష్యంలో ఒక మధ్యాహ్నం ఆమె మళ్ళీ నా తలుపు దగ్గర నిలబడింది, ఛాతీ మీద చెయ్యి, మొహాన చెమట. ఎదురుగది తాళం వేసి ఉంది. ఆ అమ్మాయి భోజనానికి వెళ్ళింది.

"ఒక్కసారి తీయండక్కా. ఇదే ఆఖరు."

పడక ఖాళీగానే ఉంది. మెషీను ఆన్‌లోనే ఉంది. ఇంతకాలానికి నా వంతు వచ్చిందని మొదట అనిపించిన మాట నిజం. కానీ టీఎంటీ రోజు నేను నా కళ్ళతో చూసిన గీత ఒకటుంది. దాన్ని చూడనట్టు నటించడం నావల్ల కాలేదు. గది తలుపు దగ్గరగా వేసి, టీ తాగడానికి వెళుతున్నాను, నువ్వూ రా అన్నాను. క్యాంటీన్లో ఎదురెదురుగా కూర్చున్నాం. ఆమె ఛాతీ మీద చెయ్యి తీయలేదు. నేను ఊరికే కూర్చోలేక అల్లం టీలో పంచదార ఎక్కువేశాడని క్యాంటీనతన్ని తిట్టాను. పళ్ళెం మీద ఎక్కడం ఎలా నేర్చుకుందో చెప్పమన్నాను. ముందు ముక్కలు ముక్కలుగా, తర్వాత గడగడా చెప్పింది. పాదం వంపులో అంచు ఎక్కడ పట్టాలో తన అరచేతి మీద గీసి చూపించింది. గ్లాసు ఖాళీ అయ్యేసరికి దడ పోయింది. ఎప్పుడు పోయిందో ఆమెకే తెలియలేదు.

కాసేపటికి గమనించుకుని కళ్ళు పెద్దవి చేసింది. "ఏమీ తీయకుండానే పోయిందక్కా. ఉండండి, మేడంగారు భోజనం చేసి వచ్చేసుంటారు, చెప్పొస్తా" అని లేచి ఎదురుగదికి పరిగెత్తింది. టీ డబ్బులు నేనిచ్చాను.

మాఘంలో కార్యక్రమానికి మా ఇద్దరినీ పిలిచింది. బస్టాండులో సైకాలజిస్టు నాకంటే ముందే వచ్చి సీటు ఆపి ఉంచింది, కిటికీ పక్కన. పామర్రు దాకా కిటికీలోంచి పొలాలు చూస్తూ కూర్చున్నాను. నేను ఉండబట్టలేక, ఆ రోజు టీఎంటీ గదిలో నేను నోరు జారతానని అనుకున్నావు కదూ అని అడిగేశాను. అనుకున్నానంది. సారీ కూడా చెప్పలేదు. "మీరు కాబట్టి ఆగారు. నేనైతే అనేసేదాన్ని" అంది. ఆ మాటకు సంతోషించాలా వద్దా అని ఆలోచిస్తుండగా ఊరొచ్చింది.

సాయంత్రం వెలుతురు ఉండగానే మొదలుపెట్టారు. ముందు పిల్లల అంశాలు. తర్వాత ఆమె వచ్చింది. ఇత్తడి పళ్ళెం తెచ్చి పెట్టారు. ఆమె దాని అంచుల మీద పాదాలు ఆనించి నిలబడినప్పుడు నేను చూడలేక తల తిప్పుకున్నాను. పక్కకు చూస్తే ఆ అమ్మాయి చున్నీ కొస నలుపుతోంది. మొదటికాలం, రెండోకాలం. మూడోకాలానికి పళ్ళెం వేదిక మీద చిన్నగా జరుగుతూ, తిరుగుతూ, ఆమె పైన నిలిచే ఉంది. నేను చూస్తున్నది నాట్యం కాదు, ఆమె గొంతు పక్కన కొట్టుకుంటున్న నరం. దూరానికి కూడా కనబడుతోంది. అంత వేగం నా గదిలో చూసి ఉంటే డాక్టరును పిలిచేదాన్ని.

అంతా అయ్యాక వేదిక వెనక్కి వెళ్ళాం. జనం చుట్టూ మూగారు. ఆమె రొప్పుతూ, పిల్లల తల్లులకు నమస్కారాలు పెడుతూ, మజ్జిగ గ్లాసు ఎత్తి తాగుతోంది. ముందు ఆ అమ్మాయిని గట్టిగా పట్టుకుంది. అది నేను అనుకున్నదే. తర్వాత నా వైపు తిరిగింది. నేను సిద్ధంగా ఉన్నాను. ఇప్పుడడుగుతుంది అనుకున్నాను. ఆ ఊపిరి వేగం, ఆ చెమట, ఆ గుండె దడ, ఏడాది కిందటైతే వీటిలో ఒక్కటి చాలు, నా దగ్గరికి బస్సెక్కి వచ్చేది. అడిగితే ఏం చెప్పాలో, చెప్పొచ్చో లేదో కూడా ఆలోచించుకున్నాను.

ఆమె ఛాతీ మీద చెయ్యి వేసుకోలేదు. కొంగుతో మొహం తుడుచుకుని, నా చేతిలో ఆకు దొన్నె చూసి, "పులిహోర ఎట్టా ఉందక్కా?" అని అడిగింది.

ఉప్పు కాస్త తక్కువైందని చెప్పాను.